పదిహేడో కొమ్మ

మైనపు దిమ్మ కోసేటప్పుడు రమ ఫోను ఎత్తదు. ఎత్తితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే పొర చిరుగుతుంది, పొర చిరిగిందంటే ఎవరి ఒంట్లోంచో తీసిన ముక్క పనికిరాకుండా పోతుంది. కరీంనగర్‌లో ఆ ల్యాబులో చేరి ఇరవై రెండేళ్లు. డాక్టర్లు పంపిన ముక్కల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు పట్టించి, లోపల ఏముందో పెద్ద డాక్టరుకు కనపడేట్టు చేయడం ఆమె పని. ఆ టైములో ఫోను చేయకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆ శుక్రవారం పొద్దున ఫోను ఆగకుండా మూడుసార్లు మోగితే ఎవరో బయటి మనిషే అనుకుంది.

చేతులు కడుక్కుని ఎత్తితే బెల్లంపల్లి నుంచి జేమ్స్. చిన్నప్పుడు తనకు సైన్సు చెప్పిన రోజారాణి టీచర్ కొడుకు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుకుంటాడు.

"రమక్కా, అమ్మకు మెడకాడ గడ్డ లేసింది. మూడు నెలలాయె. ముక్క తీసి చూడాలన్నడు డాక్టరు. అమ్మ వద్దంటే వద్దంటుంది. మనిషి సగమైంది. మేం చెప్పి చెప్పి యాష్టకొచ్చినం. నువ్వు జర వచ్చి చెప్పరాదు."

"నేను చెప్తే వింటదా తమ్మీ?"

"ముక్కలు చూసుడు నీ పనే గద అక్కా. నీ మాట వినకపోతే ఇంకెవరి మాట వింటది?"

అది రమ పని కాకముందు రమ మాట. ఆ సంగతి జేమ్స్‌కు తెలియదు. అప్పటికి వాడు చెడ్డీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకొని తిరిగే పిల్లాడు.

ఆ కథ చెప్పాలంటే తొంభై ఆరో సంవత్సరానికి పోవాలి. బెల్లంపల్లి అప్పటికి ఇంకా బొగ్గుబావి సైరన్‌కు లేచి సైరన్‌కు పడుకునే ఊరు. రమ తండ్రి హుస్నాబాద్ దగ్గర ఎండిపోయిన పొలం వదిలేసి బావి పనికి వచ్చిన మనిషి. పిల్లను మిషన్ హైస్కూల్లో వేశాడు. పదో తరగతిలో పదిహేడు మంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం రోజారాణి టీచర్ ఒక పెద్ద అట్ట కాగితం చుట్ట చంకలో పెట్టుకొని క్లాసులోకి వచ్చింది. ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. కాని ఆ రోజు మొహంలో ఏదో పండుగ కళ ఉంది.

అట్ట విప్పితే చెట్టు బొమ్మ. వేరు ఒక్కటే. దాని పక్కన ఎర్ర సిరాతో 'బయోస్' అని రాసి ఉంది. పైన పదిహేడు కొమ్మలు, కొమ్మకొక మాట.

"ఇది గ్రీకు దేశపోళ్ల మాట" అంది టీచర్. "పుస్తకంల జీవం అని ఉంటది. నేనైతే బతుకు అంట. జీవం అంటే మీరు పరీక్షల రాస్తరు, ఇంటికి పోయి మరిచిపోతరు. బతుకు అంటే మీకు సమజైతది. గీ వేరు ఒక్కటి పట్టుకున్నరంటే డాక్టర్ల పుస్తకం సగం మీ చేతికొచ్చినట్టే."

ఆ తర్వాత ఆమె పెట్టిన పద్ధతి ఇంకే బడిలోనూ ఉండి ఉండదు. ఒక్కొక్కరికి ఒక్కో కొమ్మ. ఆ ఏడాదంతా హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అనకూడదు, తన కొమ్మ మీది మాట చెప్పాలి. చెప్పాక టీచర్ 'అంటే?' అని అడుగుతుంది. అర్థం చెప్పాలి. అప్పుడు 'మీ ఇంట్ల ఎవరు?' అంటుంది. అక్కడే ఉంది తిరకాసు. పుస్తకంలోని ఉదాహరణ చెప్తే నిలబడే ఉండాలి. తన ఇంట్లోంచి, తన వాడలోంచి చెప్తేనే 'కూర్చో' అంటుంది. ఆ కూర్చో అనే మాట కోసం పిల్లలు రాత్రంతా ఇల్లు వెతికేవాళ్లు.

నాలుగో నంబరు మమతారాణికి సింబయోసిస్ వచ్చింది. ఇద్దరు కలిసి బతుకుడు. "మా అవ్వ, మా బర్రె టీచర్. ఒకరికొకరు లేకుంటే ఇద్దరూ తినరు" అంది. కూర్చో అంది టీచర్. ఆంఫిబియా వచ్చిన పిల్లాడు, రెండు తావుల బతుకు అని అర్థం చెప్పి, "మా బాపు టీచర్. దుబాయ్‌ల రెండేండ్లు, ఇక్కడ రెండు నెలలు" అన్నాడు. క్లాసు గొల్లున నవ్వింది గాని టీచర్ నవ్వలేదు. కూర్చో అన్నప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. తొమ్మిదో నంబరు మల్లేష్‌ది అనేరోబిక్, గాలి లేకున్నా బతికేది. "మా బాపు టీచర్. బావిల ఎనిమిది గంటలు ఉంటడు" అన్నాడు వాడు ఛాతీ విరుచుకొని. "కాదురా. మీ బాపు గాలి కోసమే మళ్ల పైకొస్తడు. ఇంకోటి తీస్కరా" అని మూడు రోజులు నిలబెట్టింది. నాలుగో రోజు వాడు మూతపెట్టిన పేడ తొట్టిలో గాలి లేకున్నా బతికే క్రిముల గురించి చెప్పి గట్టెక్కాడు.

రమ పదిహేడో నంబరు. చిట్టచివరి కొమ్మ. బయాప్సీ.

"బతుకును చూసుడు" అని టీచర్ అర్థం చెప్పింది. "సచ్చినంక కోసి చూస్తే దానికి వేరే పేరు. బతికున్న మనిషి దగ్గర చిన్న ముక్క తీసి, లోపల ఏం నడుస్తుందో చూస్తే గీ పేరు."

రమకు ఏడుపొచ్చింది. బర్రెలు, దుబాయ్‌లు, పేడ తొట్లు అందరికీ దొరికాయి. బతుకును చూడ్డం అనేది ఏ ఇంట్లో దొరుకుతుంది? నెల రోజులు రోజూ నిలబడే ఉంది. కాళ్లు నొప్పిపుట్టేవి. టీచర్ మాత్రం, "నీ మాట కష్టమైంది బిడ్డా. తొందర లేదు, దొరుకుతది" అనేది.

దొరికింది. బడి అటెండర్ బక్కయ్య దవడ కింద గోళీకాయంత గడ్డ కనిపించింది.

బక్కయ్య గంట కొట్టేవాడు, మొక్కలకు నీళ్లు పోసేవాడు, సైన్సు గదిలో ఎముకల బొమ్మ పటాన్ని రోజూ తుడిచి మేకుకు తగిలించేవాడు. టీచర్ ఆ గడ్డను చూసి ఊరుకోలేదు. క్లాసులోకి పిలిచి, పిల్లల ముందే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. సూది తాకితే గడ్డ పాకుతుందని, కత్తి పెడితే మనిషి దక్కడని ఆ రోజుల్లో ఇంటింటి మాట. ఇప్పుడు మాత్రం లేదా ఏమిటి? ల్యాబు గుమ్మంలో నిలబడి అదే మాట అనేవాళ్లను రమ వారానికి ముగ్గురినైనా చూస్తుంది.

"పాకదు బక్కయ్యా. చూడకపోతేనే పాకుతది" అంది టీచర్. "నీ బతుకును ఒక్కసారి చూసుకుంటే తప్పేంది?"

"నువ్వు చెప్తే పోత టీచరమ్మా" అన్నాడు బక్కయ్య.

వరంగల్ డాక్టరుకు ఉత్తరం రాసిచ్చింది. భార్య సాయవ్వను తోడిచ్చి తానే స్టేషన్‌కు పోయి రైలెక్కించింది. నాలుగు రోజులకు బక్కయ్య మెడకు తెల్లటి కట్టుతో తిరిగొచ్చాడు. ముక్క తీశారని, ఏమీ లేదన్నారని, కాగితం పోస్టులో పంపుతారని చెప్పాడు.

మరునాడు హాజరులో రమ వంతు వచ్చింది. అంటే, అంది టీచర్. బతుకును చూసుడు టీచర్. మీ ఇంట్ల ఎవరు? "మన బక్కయ్య, టీచర్" అంది రమ, గుమ్మంలో గంట కర్ర పట్టుకొని నిలబడ్డ మనిషిని చూపిస్తూ. టీచర్ అందరినీ లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. బక్కయ్య తల దించుకున్నాడు. పాపం, సిగ్గుపడుతున్నాడు అనుకున్నారు. రమకైతే ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి పోయి బాపుకు మూడుసార్లు చెప్పింది.

దసరా దాటాక గడ్డ మళ్లీ లేచింది. క్రిస్మస్ నాటికి బక్కయ్యకు గంజి కూడా దిగలేదు. మళ్లీ వరంగల్ తీసుకుపోయారు గాని అప్పటికే చెయ్యి దాటిపోయింది. జనవరిలో పోయాడు.

దినాలు కాకముందే సాయవ్వ బడికొచ్చింది. పిల్లలందరూ ప్రార్థనకు వరుసల్లో నిలబడి ఉన్నారు. టీచర్ ఎదుటికి వచ్చి, అరవకుండా, మామూలు గొంతుతోనే అంది. "నీ మాట పట్టుకొని పోయిండు టీచరమ్మా. సూది కుచ్చిండ్రు, పాకింది. నా ఇల్లు ఆరిపాయె. ఇంక ఎవ్వలకు చెప్పకు గా మాట."

మరునాటి హాజరు రమకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పదిహేను అయింది. పదహారు అయింది. తర్వాత నంబరు పలకలేదు. కాసేపు ఆగి, "రమ" అంది టీచర్. రమ లేచి నోరు తెరిచేలోగా, "ప్రెజెంట్ అను" అంది. గోడ మీద చెట్టుకు పదిహేడో కొమ్మ మీద తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది.

ఏప్రిల్ దాకా పదహారు మంది పదహారు మాటలు చెప్పారు, రమ ప్రెజెంట్ అంది. పదిహేనేళ్ల పిల్లకు పెద్దవాళ్ల బాధ ఏం తెలుస్తుంది? అందరి కొమ్మలూ ఉండగా తన ఒక్క కొమ్మే ఎందుకు తీసేశారని కుళ్లికుళ్లి ఏడ్చింది. టీచర్ మీద కోపం పెంచుకుంది. ఇంటర్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరితే, పట్టుబట్టి ముక్కలు కోసే పనే నేర్చుకుంటే, ఈ పిల్లకు ఇదేం పిచ్చి అన్నారు అందరూ. పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా. ఆమె వెతుక్కుంది, అంతే.

ఆదివారం మధ్యాహ్నానికి రమ బెల్లంపల్లిలో దిగింది. బావులు చాలావరకు మూతబడి ఊరు నెమ్మదించింది. మార్చి ఎండ మాడుతుంటే టీచర్ మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్ చుట్టుకొని కుర్చీలో కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు మొత్తం వరండాకు వినిపించిన గొంతు ఇప్పుడు పక్క గదిలోకి కూడా పోవడం లేదు.

"జేమ్స్‌గాడు పిలిచిండా నిన్ను?" అంది టీచర్. "అన్నం తిని పో. ఆ మాట మాత్రం నా ఇంట్ల ఎత్తకు."

"మఫ్లర్ తియ్యిరి టీచర్, ఒక్కసారి చూస్త."

"చూసేదేం లేదు."

"సూది తాకితే పాకుతదనుడు అబద్ధమని మీరే గద చెప్పింది."

"చెప్పిన. ఇప్పుడు అడిగినా గదే చెప్త. పుస్తకం తప్పు కాదు" అంది టీచర్. మఫ్లర్ కొసను వేలికి చుట్టుకుంది. "బక్కయ్యను నా చేత్తోని రైలెక్కిచ్చిన. ఏం లేదని చెప్పి వచ్చిన మనిషి ఆరు నెలల్ల పోయిండు. ఇప్పుడు గదే సూది నాకు మంచి చేసిందనుకో, సాయవ్వ మొకం నేనెట్ల చూడాలె? చెడు చేసిందనుకో, ఆమె అన్నదే నిజమైతది. ఎట్ల చూసినా నాకొద్దు బిడ్డా. ఉన్నన్ని రోజులు ఉంట."

"చూడకపోతే ఉన్నన్ని రోజులు ఎన్నో గూడ తెల్వది టీచర్."

"తెల్వకపోతే నష్టమేంది?"

ఆ మాట రోజారాణి టీచర్ నోట వస్తుందని రమ కలలో కూడా అనుకోలేదు. మూడు రోజులు నిలబెట్టి మరీ మల్లేష్‌తో పేడ తొట్టి చెప్పించిన మనిషి ఈమేనా? కోపం ఆగలేదు. అన్నం వద్దని లేచి బయటికొచ్చేసింది.

గేటు దగ్గర జేమ్స్ నిలబడి ఉన్నాడు. సాయవ్వ ఇంకా ఉందా అని అడిగింది రమ. ఉందన్నాడు. రైల్వే గేటు వెనుక గల్లీలో ఉంటుందట. ప్రతి ఆదివారం చర్చికి వస్తుందట. అమ్మ ముందు వరుసలో, ఆమె తలుపు పక్కన ఆఖరి వరుసలో. ఇరవై ఎనిమిదేళ్లలో ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు.

ఆ ముసలిదాని కాళ్లయినా పట్టుకొని ఒక మంచి మాట అనిపిద్దామని రమ గల్లీకి పోయింది. సాయవ్వ గడపలో కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. డెబ్బై అయిదేళ్లుంటాయి. ఎవరివి బిడ్డా అంది. రమ తానెవరో చెప్పి, వచ్చిన పని చెప్పింది.

"నువ్వు ఆమెను మన్నించిన అని ఒక్క మాట అను సాయవ్వా. గంతే. ఆమె దవాఖానకు వస్తది. లేకుంటే టీచర్ మనకు దక్కదు."

సాయవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఏం మన్నించాలె బిడ్డా. గప్పుడు ఆయన వరంగల్ పోనే లేదు."

రమకు అర్థం కాలేదు. పోనే లేదంటే?

"మంచిర్యాలల రైలాగంగనే నేనే రెక్క పట్టి దించిన. సూది తాకితే పాకుతదని మా అవ్వ చెప్పె, మా అత్త చెప్పె. టీచరమ్మ ఒక్కతి కాదంటే నేనెట్ల నమ్మాలె? జైనూర్ దిక్కు ఒకడు పసరు కట్టు కడతడని ఎవరో అంటే బస్సెక్కి పోయినం. ఆయన వద్దే వద్దే అన్నడు. టీచరమ్మకు ఏం చెప్పాలె అన్నడు. ముక్క తీసిండ్రని చెప్పు, ఆమెకేం తెలుస్తది అన్న." సాయవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరంత చప్పట్లు కొట్టిండ్రట గద. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలే. నా చేత పిల్లలకు అబద్ధం చెప్పిచ్చినవు గదనే అన్నడు. నిజం చెప్త అని రోజూ అనుకుంటనే ఉన్నడు, చెప్పకుంటనే పోయిండు."

"మరి టీచర్‌ను ఎందుకు అన్నవ్ గట్ల? అందరి ముందల?"

"నన్ను నేను అనుకునే ధైర్యం లేక."

రమకు ఒళ్లు మండిపోయింది. బక్కయ్య గురించి కాదు, టీచర్ గురించి కాదు, ముందుగా తన మాట గుర్తొచ్చింది. నాలుగు నెలలు ప్రెజెంట్ అంటూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చింది. ఈ ముసలిది ఒక్క నిజం చెప్పి ఉంటే తన కొమ్మ తనకుండేది కదా అనుకుంది. అనుకున్న మరుక్షణమే సిగ్గేసింది. అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి ఉంటే తన ఏడుపు తనదా?

"నాకు చెప్తే ఏం ఫాయిదా సాయవ్వా? ఆమెకు చెప్పు."

సాయవ్వ చింతపండు పక్కకు జరిపింది. తర్వాత లేచి, చేతుల జిగురు పోయేదాకా బకెట్‌లో కడుక్కుంది. లోపలికి పోయి చర్చికి కట్టే తెల్ల చీర కట్టుకొని వచ్చింది.

టీచర్ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడకు చేరగిలి కింద కూర్చొని, గల్లీలో చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా మొత్తం చెప్పింది. మంచిర్యాల చెప్పింది, జైనూర్ చెప్పింది, చప్పట్లు చెప్పింది. జేమ్స్ చాయ్ గ్లాసులు పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయాడు. టీచర్ అడ్డు చెప్పకుండా విన్నది.

అయిపోయాక, "కాయితం వచ్చిందా అని నేను అడగలే" అంది టీచర్. ఎవరితోనో కాదు, తనతో తాను అన్నట్టు. "పోస్టుల పంపుతరన్నడు. నేను అడగలే. చూసినంకనే నమ్మాలె అని పిల్లలకు చెప్పినదాన్ని, కట్టు చూసి నమ్మిన. పసరు కట్టుకు చప్పట్లు కొట్టిచ్చిన."

"తప్పు నాది టీచరమ్మా."

"నీదే. తప్పు నీదే సాయవ్వా, నేను కాదంటలేను." టీచర్ గొంతు ఒక్కసారి పాత వరండా గొంతు అయింది. "ఇరవై ఎనిమిదేండ్లు. ఆదివారం ఆదివారం నీ ముందర్నుంచే పోయిన. నీ కాళ్లు చూసుకుంట పోయిన, మొకం చూసే ధైర్యం లేక. ఒక్క వారం నన్ను ఆపి చెప్పకపోతివి."

"నేను గూడ గన్నేండ్లు నీ వీపు చూసుకుంటనే కూసున్న టీచరమ్మా. లేచి రాబుద్ధయ్యేది. కాళ్లు రాకపోయేటివి."

ఇద్దరూ ఏడ్చారు. ఒకరినొకరు పట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. టీచర్ కుర్చీలో, సాయవ్వ నేల మీద, ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చారు. రమ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. జేమ్స్ చాయ్ ఇచ్చాడు. చల్లారిపోయింది అని టీచర్ కసురుకుంది గాని తాగింది.

సాయవ్వ గ్లాసు కింద పెట్టి, "పో టీచరమ్మా, చూపిచ్చుకో" అంది. "ఒక్కదానివి పోకు. నేను తోడొస్త. ఈసారి మంచిర్యాలల దిగ."

టీచర్ ఆమె వైపు చూసింది. నవ్వొచ్చింది. నవ్వితే మెడ నొప్పి పుట్టినట్టుంది, గడ్డ మీద చెయ్యి వేసుకుంది. వేసుకున్న చెయ్యి తీసి మఫ్లర్ విప్పి రమకు చూపించింది.

మరునాడు పొద్దున రైలుకు పోయారు. పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సు పట్టాలి. మంచిర్యాల స్టేషన్ వచ్చేసరికి సాయవ్వ మాటలు ఆపేసింది. సీటు అంచు రెండు చేతులతో పట్టుకొని కళ్లు మూసుకుంది. చాయ్ చాయ్ అంటూ ఒకడు ఎక్కాడు, దిగాడు. రైలు కదిలి, ప్లాట్‌ఫారం వెనక్కి పోయి, గోదావరి బ్రిడ్జి చప్పుడు మొదలయ్యేదాకా ఆమె కళ్లు తెరవలేదు. టీచర్ సంచిలోంచి బత్తాయి తీసి, ఒలిచి, సగం ఆమె చేతిలో పెట్టింది.

ఫలితం ఏమొచ్చిందో చెప్పకుండా నాన్చడం నాకు చేతకాదు గనక చెప్పేస్తాను. ఆ ముక్క రమ చేతికే వచ్చింది. ఆమె మైనంలో పోతపోసింది, ఆమె కోసింది, రంగు ఆమె పట్టించింది. పెద్ద డాక్టరు చూసి టీబీ గడ్డ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు. అవి యాంటీబయోటిక్‌లే అని తెలిసి, బతుకుకు ఎదురు అని పేరు పెట్టుకున్న మందే బతికిస్తుంది చూడు అని టీచర్ జేమ్స్‌కు గంటసేపు పాఠం చెప్పింది. ఇప్పుడు అన్నం బాగానే తింటోంది, అందరి మీదా కేకలు కూడా వేస్తోంది. ఇక ఆదివారాలు చర్చిలో ఆఖరి వరుసలో ఇద్దరు కూర్చుంటున్నారు.

కాని రమ జీవితాంతం దాచుకునేది అది కాదు. అంతకు ముందు సంగతి. ముక్క తీసే గది బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చొని ఉన్నారు. టీచర్ గది తలుపు వైపే చూస్తోంది. తెలిసినా భయం భయమే. చేతులు ఒడిలో ముడుచుకొని, ఉన్నట్టుండి, "ఒకటి, బయాలజీ" అంది. రమ ఉలిక్కిపడింది. "రెండు, బయోగ్రఫీ. మూడు, బయోస్ఫియర్. నాలుగు, సింబయోసిస్. మమతారాణి, బర్రె." ఒక్క నంబరు తప్పలేదు. ఆ అట్ట చెట్టును గోడ మీదే ఎప్పుడో చెదలు తినేశాయి గాని ఈమె దగ్గర మొత్తం ఉంది.

"తొమ్మిది, అనేరోబిక్. మల్లేష్‌గాడు ఎక్కడున్నడే ఇప్పుడు?"

"మస్కట్‌ల టీచర్. క్రేన్ నడుపుతుండు. బాగ ఎత్తుల కూసుంటడట."

"గాలి బాగ తగులుతది" అని తృప్తిగా తలూపి, పది దగ్గర మళ్లీ ఎత్తుకుంది. పన్నెండు, పదమూడు. నర్సు తలుపు తీసి "రోజారాణి ఎవరమ్మా" అంది. టీచర్ చెయ్యెత్తి ఆగమంది.

"ఒక్క నిమిషం బిడ్డా. హాజరు అయిపోనీ."

పదిహేను అయింది. పదహారు అయింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆగిన చోటే టీచర్ ఆగింది. సాయవ్వ తల వంచుకుంది. టీచర్ రమ వైపు తిరిగి, స్పష్టంగా, రిజిస్టరు చేతిలో ఉన్నట్టే పిలిచింది.

"పదిహేడు."

నలభై నాలుగేళ్ల రమ, ల్యాబు కోటుతో, బెంచీ మీంచి లేచి చేతులు కట్టుకొని నిలబడింది.

"బయాప్సీ, టీచర్."

"అంటే?"

"బతుకును చూసుడు టీచర్."

"మీ ఇంట్ల ఎవరు?"

"మా టీచర్, టీచర్."

రోజారాణి టీచర్ లేచింది. మఫ్లర్ విప్పి సాయవ్వ చేతికిచ్చింది. కళ్లు తుడుచుకోలేదు.

"కూర్చో" అని చెప్పి, నర్సు వెంట లోపలికి నడిచింది.